నాదకైంకర్యపరుడు పాల్ఘాట్ మణి అయ్యరు

భగవంతుని కొలువులో చేయదగిన సేవలు అనేకములు. తెల్లవారకమునుపే లేచి పూలు కోసి మాలలు కట్టువారు కొందరు. తిరుమంజనమునకు తీర్థము తెచ్చువారు కొందరు. ఉత్సవ సమయమున ఛత్రచామరములు ధరించువారు, దివిటీలు పట్టువారు, వాహనమును భుజములపై మోయువారు మరికొందరు. వీరిలో ఎవ్వరిపైనను భక్తుల చూపు నిలువదు, చూపులన్నియు స్వామిపైననే. అయినను వాహనము మోయువారి అడుగు ఒక్కటి తడబడినచో ఊరేగింపే నిలిచిపోవును. శ్రీవైష్ణవ సంప్రదాయమున ఇట్టి సేవాభావమునకు శేషత్వమని పేరు. తన కొరకు గాక తన స్వామి కొరకై ఉండుట శేషుని లక్షణము. ఆదిశేషుడు స్వామి అవసరమును బట్టి తన రూపమును మార్చుకొని సేవించుచుండునని పెద్దలు చెప్పుదురు.

సంగీతసభయందు ఇట్టి స్థానము పక్కవాద్యమునకు కలదు. గాయకుడు కీర్తన నెత్తుకొనును. మృదంగము దానిని మోయును. శ్రోత వినవలసినది కీర్తనను. అయినను మృదంగము తడబడినచో కీర్తన నడక చెడును. ఈ సేవను ఇరువదవ శతాబ్దమున పరమోన్నత స్థితికి గొనిపోయిన మహావిద్వాంసులు పాల్ఘాట్ మణి అయ్యరు గారు. మృదంగమునకు అంతకుముందు లేని గౌరవమును వారు సంపాదించిపెట్టిరి. కాని ఆ గౌరవమును పాటను మించుటవలన గాక, పాటను అనుసరించుటవలననే సంపాదించిరి. వారి జీవితమున తెలిసికొనదగిన ప్రధాన విషయమిదియే.

మణి అయ్యరు గారు 1912వ సంవత్సరము జూన్ మాసమున కేరళదేశమునందలి పళయన్నూరులో జన్మించిరి. తండ్రి శేషం భాగవతరు, తల్లి ఆనందాంబాళ్. తలిదండ్రులు పెట్టిన పేరు రామస్వామి. ఇంటిలో మణి అని ముద్దుగా పిలుచుచుండిరి. ఆ ముద్దుపేరే లోకమున స్థిరపడినది. తండ్రి గాయకులగుటచే బాలునికి ఊహ తెలిసిన నాటినుండియు సంగీతమే పరిసరముగా నుండెను. తండ్రి వలన గాత్రజ్ఞానము కలిగెను. మృదంగము పట్టకముందే పాట తెలిసియుండుట ఆ బాలునికి జీవితాంతము తరుగని పెట్టుబడి యయ్యెను.

పాలక్కాడు ప్రాంతము విచిత్రమైన సీమ. అచట తమిళ బ్రాహ్మణుల అగ్రహారములు వరుసలుగా కలవు. కల్పాత్తి నదీతీరమున విశ్వనాథస్వామి ఆలయము, ఏటేట జరుగు రథోత్సవము ప్రసిద్ధములు. ఒకవైపు ఆ అగ్రహారములలో కర్ణాటక సంగీతము, భజనలు, హరికథలు సాగుచుండును. మరియొకవైపు కేరళ దేవాలయ ప్రాంగణములలో చెండ, మద్దెల, తిమిల మున్నగు వాద్యములు గంటల తరబడి మ్రోగుచుండును. తాయంబకయందు ఒక్క చెండ వాద్యకారుడు నెమ్మదిగా ఆరంభించి, క్రమక్రమముగా వేగమును పెంచుచు, లయను శిఖరమునకు ఎక్కించును. ఈ రెండు ప్రవాహములును బాలుని చెవిని పడినవి. ఒకటి పాటకు ఒదుగు విధమును నేర్పగా, రెండవది లయకుగల స్వతంత్రశక్తిని చూపినది. తరువాతి కాలమున వారి వాద్యమునందు వినవచ్చిన ఊపునకు ఈ దేవాలయ వాద్యధ్వనులే మూలమని సంగీతజ్ఞులు భావింతురు.

మృదంగమున తొలిగురువు చాత్తపురం సుబ్బయ్యరు గారు. పిమ్మట కల్పాత్తి విశ్వనాథయ్యరు గారి వద్దను శిక్షణ లభించెను. చిన్ననాటనే హరికథలకు మృదంగము వాయించు అవకాశములు వచ్చినవి. హరికథకు వాయించుట సామాన్యమైన పరీక్ష కాదు. కథకుడు ఎప్పుడు వచనము చెప్పునో, ఎప్పుడు పద్యము నెత్తుకొనునో, ఎప్పుడు నామసంకీర్తనమునకు మరలునో ముందుగా తెలియదు. కనురెప్పపాటులో నడక మారును. వాద్యకారుడు కథకుని ముఖమును, మాటను, ఊపిరిని గమనించుచుండవలెను. ఎదుటివాని హృదయమును కనిపెట్టి వాయించు విద్యకు ఇంతకంటె మంచి పాఠశాల లేదు.

బాల విద్వాంసుని ప్రతిభను గుర్తించి చేయూతనిచ్చిన పెద్దలలో అగ్రగణ్యులు చెంబై వైద్యనాథ భాగవతరు గారు. వారును పాలక్కాడు ప్రాంతము వారే. తమ గ్రామమునందలి పార్థసారథిస్వామికిని, గురువాయూరప్పనకును తమ గానమును అంకితము చేసిన మహాభక్తులు. 1920ల మధ్యకాలమున మదరాసులో, ఎగ్మూరు జగన్నాథ భక్తసభయందు చెంబై వారి కచేరికి మణి అయ్యరు గారు మృదంగము వాయించిరి. అప్పటికి వారు మీసము మొలవని బాలురు. ఆ కచేరితో మదరాసు రసికలోకము ఉలికిపడి వారివైపు చూచెను. చెంబై వారి గంభీరకంఠము, మైసూరు చౌడయ్య గారి వయొలిను, మణి అయ్యరు గారి మృదంగము కలిసిన సభలు తరువాత చిరకాలము దక్షిణదేశమంతటను ఖ్యాతి వహించినవి. పెద్దవారైన చెంబై తమ ప్రక్కనున్న బాలుని అణచక, వేదికపై వికసించుటకు తావిచ్చిరి. ప్రధాన గాయకునికి ఆ ఔదార్యము లేనిచో పక్కవాద్యము ఎంతటిదైనను మూగయే యగును.

పేరు వచ్చిన పిమ్మట మణి అయ్యరు గారు చేసిన పని మరింత గమనింపదగినది. సభలవారు కోరి పిలుచుచున్న కాలముననే వారు తంజావూరు వైద్యనాథయ్యరు గారిని ఆశ్రయించి మరల శిష్యులైరి. తంజావూరు మృదంగ సంప్రదాయము మహారాష్ట్ర ప్రభువుల నాటినుండి భజన గోష్ఠులతో పెనవేసికొని వచ్చినది. నారాయణస్వామి అప్ప మున్నగు పూర్వవిద్వాంసులు భజనలకు వాయించుచు ఆ శైలిని తీర్చిదిద్దిరి. నామసంకీర్తనమునకు వాయించువాడు నామము వినబడునట్లు వాయింపవలెను గాని, నామమును కప్పివేయునట్లు వాయింపరాదు. కాన ఆ సంప్రదాయమున సౌమ్యత, స్వరశుద్ధి, అక్షరస్పష్టత ప్రధానములు. లోకము విద్వాంసుడని మెచ్చుచుండగా, తనలో కొరత కలదని తెలిసికొని గురుపాదముల చెంత కూర్చుండుట అందరికిని సాధ్యముకాదు. వైద్యనాథయ్యరు గారి శిక్షణవలన మణి అయ్యరు గారి వాద్యమునకు వేగముతోబాటు ఒదుగును చేకూరెను.

ఆ కాలముననే పుదుక్కోట దక్షిణామూర్తి పిళ్ళై గారు లయవిద్యకు చక్రవర్తివలె వెలుగుచుండిరి. మృదంగమునను ఖంజీరయందును వారికి సమానమైన ప్రభుత్వము కలదు. వారి సంప్రదాయము వేరు. పుదుక్కోట మార్గమునకు లెక్కల నిగ్గు, గాంభీర్యము సొత్తులు. అయినను యువకుడైన మణి అయ్యరు గారిని పిళ్ళై గారు మిక్కిలి వాత్సల్యముతో ఆదరించిరి. ఆయన ఖంజీర, ఈయన మృదంగము కలిసిన సభలను చూచినవారు దానిని పోటీయనలేదు. తాత మనుమని చేయిపట్టి నడిపించుటగా తలచిరి. 1936లో పిళ్ళై గారు పరమపదించువరకును ఈ అనుబంధము సాగెను. తాను పుట్టిన గూటి విద్యనే గాక, ప్రక్క గూటి విద్యలోని మేలిమిని స్వీకరించుటకు మణి అయ్యరు గారు ఎన్నడును సంకోచింపలేదు.

ఇక వారి వాద్యవిశేషమును కొంత విచారింతము. మృదంగ విద్వాంసుడు తాళమును తప్పక పట్టుకొని నడిపించిన చాలునని తలచువారు పలువురు. మణి అయ్యరు గారు తాళమునకు మాత్రమే గాక కీర్తనకు వాయించిరి. కీర్తన మనగా ఒక సంగతివెంట ఒక సంగతిగా పెరుగు తీగ. పల్లవి వేరు, అనుపల్లవి వేరు, చరణము వేరు. పదము ఎచ్చట విరుగునో, దీర్ఘము ఎచ్చట సాగునో, గాయకుడు ఏ అక్షరముపై నిలుచునో ఎరిగి, ఆ మాటల పోకడయే మృదంగమున వినవచ్చునట్లు వారు వాయించెడివారు. త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలలో అనేకము తాళారంభమున గాక కొంత విరామము గడచిన పిమ్మట మొదలగును. ఆ ఎత్తుగడ సొగసును చెడగొట్టక, తెలుగుపదము తునుగక, వెనువెంట నడచుట సూక్ష్మజ్ఞానముతో గూడిన పని. తిరువయ్యారున కావేరీతీరమున జరుగు త్యాగరాజారాధనోత్సవములలో వారు వాయించిన మృదంగము రామనామముతో ముడివడిన ఆ సాహిత్యమునకు చేసిన సేవయే.

గాయకుని బట్టి వారి వాద్యము మారెడిది. అరియక్కుడి రామానుజ అయ్యంగారి మధ్యమకాల గమనమునకు తగినట్లు నిండుగా, హెచ్చుతగ్గులు లేక నడచెడిది. జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యం గారి మెరుపువేగమునకు తానును మెరసెడిది. మధురై మణి అయ్యరు గారి సర్వలఘు స్వరకల్పనలకు ఉయ్యాలవలె ఊగెడిది. ఆలత్తూరు సోదరుల క్లిష్టమైన పల్లవులకు లెక్క తప్పని తోడుగా నిలిచెడిది. వీరందరిలోను అరియక్కుడి వారి గానమును మణి అయ్యరు గారు ఆదర్శముగా తలచిరి. నేటి కచేరి క్రమమును తీర్చిన అరియక్కుడి వారే ఆండాళ్ తిరుప్పావై పాశురములు ముప్పదింటికిని రాగములను కూర్చి, ధనుర్మాసమున ఇంటింట వాటిని పాడుకొను భాగ్యమును కలిగించిరి.

అన్నిటికంటె గొప్పది వారి మౌనము. ఎచ్చట వాయింపవలెనో పలువురకు తెలియును; ఎచ్చట చేయి ఆపవలెనో కొందరకే తెలియును. పాటలోని భావము ఒక్క స్వరముపై నిలిచినపుడు వారి చేతులు నిలిచెడివి. ఆ నిశ్శబ్దముననే తాళము శ్రోత హృదయమున నడచెడిది. మరల ఒక్క చాపుతో ప్రవేశించినపుడు కీర్తన క్రొత్త వెలుగు పొందెడిది. తని ఆవర్తనము వచ్చినపుడు మాత్రము వారి స్వతంత్రప్రతిభ సంపూర్ణముగా వెల్లడియగుచుండెను. పాటాక్షరములు ఒక్కొక్కటి ముత్యమువలె విడివడి వినబడును, నడకలు మారును, మోహరా, ముక్తాయింపులతో లయసౌధము పూర్తియగును. కాని ఆ తుదిఘాతము తిరిగి పల్లవి ఎత్తుగడవద్దకే చేరును. ఎంత దూరము విహరించినను చివరకు పాట పాదములవద్దనే వాలుట ఆ వాద్యధర్మము.

మృదంగనాదమున వారికిగల పట్టుదల అసామాన్యము. పనసమ్రానును తొలిచి చేసిన దేహము, కుడిముఖమున పలుపొరల చర్మముపై నల్లని కరణి, ఎడమముఖమున కచేరికి ముందు అద్దెడి రవ్వముద్ద, వీనిని బిగించు తోలువారు, ఇవన్నియు సరిగా కుదిరినగాని నాదము పలుకదు. తంజావూరున తరతరములుగా ఈ పని చేయుచున్న క్రైస్తవ కుటుంబమునకు చెందిన పర్లాందు అను శిల్పి మణి అయ్యరు గారికి మృదంగములు సిద్ధపరచెను. ఏ చర్మము ఎంత మందముండవలెను, కరణి ఎన్ని పూతలు పూయవలెను అను విషయములపై ఇరువురును ఏండ్ల తరబడి ప్రయోగములు చేసిరి. విద్వాంసుని చెవి కోరిన నాదమును శిల్పి చేయి సాధించి యిచ్చెను. సభలో పూలమాల వాద్యకారునికే పడును. తోలు పదును పెట్టి, ఎండలో ఎండి, ఆ వాద్యమునకు ప్రాణము పోసినవాని పేరు ఎవరును అడుగరు. అతని కులమువారు చిరకాలము ఆలయద్వారమునకు వెలుపలనే నిలువవలసివచ్చినది. వారి చేతి వాద్యము మాత్రము గర్భాలయము ముందు మ్రోగినది. సేవించువానిని మోయు సేవకులును కలరని మనము మరువరాదు.

నాదముపై నిష్ఠయే మణి అయ్యరు గారిని ఒక కఠిన నియమమునకు పురికొల్పినది. సభలలో మైకులు ప్రవేశించిన పిమ్మట సంగీతము దూరమునకు వినబడసాగినది గాని, దాని సహజరూపము మారిపోవుచున్నదని వారు బాధపడిరి. మృదంగమున మెల్లని మీటునకును గట్టి చాపునకును మధ్య అనేక శ్రేణులు కలవు. ఎడమవైపు గుంకారము ఒక ఊపిరివంటిది. యంత్రము వీనిని ఒకే విధముగా పెంచి చూపును. వాద్యకారుడు చేతిబలమును అదుపుచేయు విద్యను మరచును. గాయకుడు కంఠమును నింపి పాడుట మానును. కావున మైకు లేని కచేరులకే వాయింతునని వారు నియమము పెట్టుకొనిరి. పెద్ద మందిరములలో అలవాటుపడిన గాయకులకును నిర్వాహకులకును ఇది రుచింపలేదు. వారి కచేరులు తగ్గినవి, ఆదాయము తగ్గినది. లోకము వారి మాటను అంగీకరింపలేదు. నేడు చిన్న సభలలోను మైకు లేనిదే పాట లేదు. అయినను కీర్తి శిఖరముననుండి తన మేలును తానే వదులుకొనుట సామాన్యుల వలన కాదు. నిజమైన నాదమును వినిన చెవులు కొన్నియైనను మిగిలినవన్నచో అది వారి నిష్ఠాఫలమే.

నియమము లన్నియు ఒకే తీరువి కావు. ఆనాటి అగ్రశ్రేణి మృదంగ విద్వాంసులలో పలువురు స్త్రీల గానమునకు వాయించుటను తమ గౌరవమునకు తక్కువగా భావించిరి. మణి అయ్యరు గారును చిరకాలము ఆ పట్టుదలనే పాటించిరి. ఇది వారి కీర్తిని పెంచిన విషయము కాదు. గోదాదేవి పాశురములు లేక ధనుర్మాసము లేదు. ఆమె వాక్కును రాగములలో విని పరవశించిన సంగీతలోకము, స్త్రీకంఠమునకు పక్కవాద్యము వాయించుటకు వెనుదీయుట ఎట్లు తగును? డి. కె. పట్టమ్మాళ్ గారు లయప్రధానమైన పల్లవులను సభలలో నిర్భయముగా పాడి పురుష విద్వాంసుల మెప్పును పొందిన గాయని. ఆ కుటుంబముతో మణి అయ్యరు గారికి వియ్యము కుదిరినది. పిమ్మట వారు పట్టమ్మాళ్ గారి గానమునకు మృదంగము వాయించిరి. ఆ విద్యకు ఈ విద్య తోడైన సభలు విన్నవారికి, ఇంతకాలము ఈ కలయిక లేకపోవుట లోటని తోచక మానదు. మైకు విషయమున పట్టును విడువకపోవుట ఎంత శోభించినదో, ఈ విషయమున పట్టును విడుచుటయు అంతగా శోభించినది. శేషుడైనవాడు తన నియమము కొరకు స్వామిని విడువడు. స్వామి కొరకు నియమమును విడుచును. మణి అయ్యరు గారికి పాటయే స్వామి.

గౌరవములు వారిని వెదకికొని వచ్చినవి. 1956లో సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది. 1965లో ఎడింబరో ఉత్సవమున గాయకులు కె. వి. నారాయణస్వామి గారితోడను, వయొలిను విద్వాంసులు లాల్గుడి జయరామన్ గారితోడను పాల్గొని పాశ్చాత్య శ్రోతలకు మన లయవిద్య లోతును చూపిరి. 1966లో మదరాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదముతో సత్కరించిరి. ఆ బిరుదమును పొందిన మొదటి మృదంగ విద్వాంసులు వారే. చిరకాలము గాయకులకును, వీణ, వయొలిను, వేణువు, నాదస్వరము వంటి స్వరవాద్యముల వారికిని చెందుచు వచ్చిన అధ్యక్షపీఠమున మృదంగము కూర్చుండినది. 1971లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చెను. ఈ సత్కారములలో ఒక వ్యక్తికి చెందిన భాగము కొంతయే. పక్కన కూర్చుండి సేవించిన వాద్యజాతికంతకును చెందిన భాగము అధికము.

జీవితపు చివరిభాగమున వారు తెలుగునాటికి వచ్చిరి. మదనపల్లె సమీపమున కొండల నడుమ జిడ్డు కృష్ణమూర్తి గారు నెలకొల్పిన ఋషివ్యాలీ విద్యాలయమున వారు విద్యార్థులకు మృదంగము నేర్పిరి. మహాసభల చప్పట్లను విడిచి, చెట్లనీడల నడుమ చిన్నపిల్లల చేతులకు పాటాక్షరములు నేర్పుట వారికి తృప్తినిచ్చినది. మైకు లేని, పోటీ లేని ఆ ప్రశాంతత వారి స్వభావమునకు తగియుండెను. వారి శిష్యులలో పాల్ఘాట్ రఘు గారు, ఉమయాళ్పురం శివరామన్ గారు దేశవిఖ్యాతులైరి. రాజమహేంద్రవరమునకు చెందిన వి. కమలాకరరావు గారు వారివద్ద శిక్షణ పొంది ఆంధ్రదేశమున ఆ బాణీని ప్రకాశింపజేసిరి. శిష్యులెవ్వరును గురువునకు నకలుగా మిగులక, తమతమ మార్గములలో వికసించుట ఆ విద్యాదానపు గొప్పతనము.

1981వ సంవత్సరము మే 30వ తేదీన మణి అయ్యరు గారు నాదబ్రహ్మమున లీనమైరి. వారికి పూర్వము మృదంగము కచేరికి అలంకారము; వారి పిమ్మట అది కచేరికి ప్రాణము. నేడు మృదంగ విద్వాంసుడు వేదికపై గాయకునితో సమానగౌరవముతో కూర్చుండుచున్నాడన్నచో, ఆ ఆసనమును వేసి పోయినవారిలో వారు ముఖ్యులు.

ఆలయమున ఆరాధన ముగిసిన పిమ్మట భక్తుడు స్వామి ముఖమును తలచుకొనుచు ఇంటికి మరలును గాని, ఛత్రము పట్టినవానిని తలచుకొనడు. ఛత్రము పట్టినవానికి అందు దుఃఖము లేదు. స్వామికి ఎండ తగులలేదను తృప్తియే వానికి ఫలము. మణి అయ్యరు గారి మృదంగమును ధ్వనిముద్రణములలో వినువారు మొదట గాయకుని పాటనే విందురు. వినగా వినగా, ఆ పాట అంత నిండుగా నిలుచుటకు క్రింద ఒక నాదము భుజము పట్టి మోయుచున్నదని గ్రహింతురు. ఇంటిలో వంట చేయు ఇల్లాలు, కోవెలలో దీపము వెలిగించు పరిచారకుడు, భజనలో తాళము వేయు సామాన్యుడు, వీరందరి సేవయు ఇట్టిదే. ముందునిలిచి వెలుగుట కొందరి భాగ్యము. వెనుకనిలిచి వెలిగించుటయు భాగ్యమేయని, అదియు మోక్షసాధనమేయని ఆ మహనీయుని జీవితము మనకు తెలుపుచున్నది.